ఎర్ర లాక్‌టైట్ వేసిన బోల్టు విప్పడం ఎలా, అసలు ఏది ఎక్కడ వేయాలి?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 350 సీసీ బండి తీసుకున్నాను అన్నా. ముందు డిస్క్ మార్చుదామని బోల్టులు విప్పబోతే ఒకటి కదల్లేదు, ఎలన్ తల నలిగిపోయింది. పాత ఓనరు దానికి ఊడకుండా పట్టే జిగురు, ఎర్ర లాక్‌టైట్ వేశాడట. మరోపక్క లెగ్ గార్డ్ బోల్టులు, సైలెన్సర్ నట్లు వారానికోసారి లూజ్ అవుతున్నాయి. షాపులో అడిగితే అదే ఎర్ర సీసా ఇచ్చి "అన్నిటికీ ఇదే వేసెయ్, జన్మలో ఊడదు" అన్నారు. వేయొచ్చా?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ ఎలన్ కీ కింద పెట్టు. సీసా మూత కూడా తియ్యకు.

"జన్మలో ఊడదు" అన్న మాట వింటేనే నాకు టెన్షన్. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. జన్మలో ఊడకుండా ఎవరో బిగించినవి చివరికి నా దగ్గరికే వస్తాయి. బోల్టు పెట్టేదే మళ్ళీ విప్పడం కోసం. విప్పే పని లేకపోతే వెల్డింగ్ పెట్టేసేవాళ్ళు కదా. అందుకే ఏ మందు వేయాలని ఎవరడిగినా నేను ఎదురు అడిగేది ఒకటే: రేపు దీన్ని విప్పేది ఎవరు, దేంతో విప్పుతారు? రోడ్డు పక్కన చేతి పానాతో నువ్వే విప్పుకోవాలంటే ఒక మందు. షెడ్డులో హీట్ గన్ పెట్టి నాలాంటివాడు విప్పాలంటే ఇంకొకటి.

ముందు నలిగిన బోల్టు సంగతి చూద్దాం, బండి దాని వల్లే ఆగింది కాబట్టి.

బోల్టు మరల (త్రెడ్ల) మధ్య గట్టిపడిన లాక్‌టైట్ ఒక రకం ప్లాస్టిక్. చల్లగా ఉన్నప్పుడు దాంతో కుస్తీ పడితే ఓడిపోయేది బోల్టు తలే. నీలం రకమైతే మొదటి పట్టు టక్కున విడిపోతుంది, తర్వాత బోల్టు తేలిగ్గా తిరుగుతుంది. ఎర్రది అలా కాదు. పట్టు విడిచినా చివరి చుట్టు దాకా బరువుగానే వస్తుంది. ఎలన్ తలలు నలిగేది మొదటి దెబ్బకే కాదు, అక్కడ కూడా. దీనికి విరుగుడు వేడి. ఎర్ర రకానికి తయారీదార్లు చెప్పే లెక్క సుమారు 250 డిగ్రీలు, అదీ వేడిగా ఉండగానే విప్పెయ్యాలి. చల్లారితే మళ్ళీ పట్టేస్తుంది.

క్యాలిపర్ (డిస్క్‌ను పట్టి ఆపే బ్రేకు భాగం) విప్పి పక్కకు కట్టెయ్. ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే బ్రేకు) ఉంటే సెన్సర్ తీసెయ్. చక్రం బండి నుంచి తీసి బల్ల మీద పడుకోబెడితే ఇంకా మంచిది. హబ్బు (చక్రం మధ్య భాగం) అల్యూమినియం, లోపల బేరింగు, దాని గ్రీజు, రబ్బరు సీలు ఉన్నాయి. కాబట్టి గ్యాస్ టార్చ్ తెచ్చి హబ్బంతా కాల్చకు. మనకు వేడెక్కాల్సింది బోల్టు. సన్న మూతి పెట్టిన హీట్ గన్ బోల్టు తల మీదే నిలిపి ఉంచు. డిస్క్ ఎలాగూ మార్చేదే కాబట్టి దానికి వేడి తగిలినా బాధ లేదు. వంద వాట్ల పైన పెద్ద సోల్డరింగ్ ఐరన్ ఉంటే దాని మొన ఎలన్ గుంతలోకి దించి, హీట్ గన్ కూడా పట్టుకుంటే పని త్వరగా అవుతుంది. చిన్న స్క్రూలకైతే ఐరన్ ఒక్కటే చాలు.

ఎంత వేడి ఎక్కిందో ఎలా తెలుస్తుంది? లేజర్ థర్మామీటర్‌ను మెరిసే లోహం మీద పెడితే అబద్ధం చెబుతుంది. అసలు వేడిలో సగం కూడా చూపించకపోవచ్చు. నేను చేసేది, మామూలు టంకం తీగ ముక్క ఒకటి తీసుకుని బోల్టు తలకు ఆనిస్తాను. అరవై నలభై (తగరం, సీసం పాళ్ళు) టంకం 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తీగ కరిగి ముత్యంలా దొర్లిందంటే 190 దాటిందన్నమాట. అక్కణ్ణుంచి ఇంకో రెండు నిమిషాలు వేడి పెట్టి అప్పుడు విప్పు. ఘాటైన వాసన, పల్చటి పొగ వస్తాయి. అది పీల్చకు, తలుపు తీసి ఫ్యాను పెట్టుకో. ఇంకో ముఖ్యమైన మాట: వేడి పెట్టేచోట బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టకు. వాటిలో క్లోరిన్ ఉండే రకాలు మంటకూ వెల్డింగుకూ తగిలితే విషవాయువు పుడుతుంది.

తల నలిగిపోయింది కాబట్టి ఎలన్ కీ ఇక పట్టదు. గుంత కంటే ఒక పిసరు పెద్దగా ఉన్న టార్క్స్ (నక్షత్రం ఆకారం మొన) బిట్ తీసుకుని సుత్తితో కొట్టి దించు. చల్లగా ఉన్నప్పుడే దించి, దాని చుట్టూ వేడి పెట్టి, అప్పుడు తిప్పు. మెల్లగా, ఒకే బలంతో తిప్పాలి, కుదుపుతో కాదు. కిర్రుమంటూ కదులుతుంది. కదిలాక ఫోన్ మోగినా ఆగకు, మొత్తం బయటికి వచ్చేదాకా తిప్పుతూనే ఉండు. మధ్యలో బిగిసిందనిపిస్తే బలం పెంచొద్దు, మళ్ళీ వేడి పెట్టు.

టార్క్స్ కూడా జారితే బోల్టు తల మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేయించు. పట్టుకోవడానికి కొత్త తల వస్తుంది, ఆ వేడికే లోపలి మందు చస్తుంది. నాకు అన్నిటికంటే నమ్మకమైన దారి ఇదే. అయితే చక్రం బండి నుంచి తీసే చేయించు. బండి మీదే చేయాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి. ఎర్త్ క్లాంపు ఆ బోల్టుకు దగ్గర్లోనే పెట్టాలి. ఎక్కడో హ్యాండిల్‌కు పెడితే కరెంటు బేరింగులోంచి పోయి గోలీల మీద మచ్చలు పడతాయి. ఇదీ కుదరకపోతే ఆఖరి దారి, తల డ్రిల్లు చేసి ఎగరగొట్టడం. తల పోతే డిస్క్ వచ్చేస్తుంది, మిగిలిన మొండాన్ని వేడి చేసి గ్రిప్ ప్లయర్‌తో తిప్పొచ్చు.

బోల్టు వచ్చాక రంధ్రంలో తెల్లటి పొడి, పొలుసులు మిగులుతాయి. చాలామంది వెంటనే ట్యాప్ (మర కోసే పనిముట్టు) పెట్టి తిప్పేస్తారు. అల్యూమినియంలో ట్యాప్ కొడితే పొడితో పాటు మంచి మర కూడా కాస్త చెక్కుకుపోతుంది. దాని బదులు అదే సైజు పాత బోల్టు ఒకటి తీసుకుని, హాక్సా బ్లేడుతో పొడుగ్గా రెండు గాళ్ళు కోసి, అంచులు ఆకురాయితో నున్నగా చెయ్. దాన్ని చేత్తో లోపలికి తిప్పుతూ బయటికి తీస్తుంటే పొడి ఆ గాళ్ళలో చేరి వచ్చేస్తుంది, మరకు ఏమీ కాదు. తర్వాత అసిటోన్ ముంచిన గుడ్డతో తుడిచి గాలి కొట్టు. కళ్ళద్దాలు పెట్టుకునే కొట్టు, రంధ్రంలో పొడి నేరుగా మొహం మీదికే వస్తుంది.

ఇక ఈ మందు కథ కాస్త తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

కొత్త సీసా కొన్నవాళ్ళు నన్ను తరచూ అడుగుతారు, "సగమే ఉందేంటి, మోసమా?" అని. మోసం కాదు. ఈ ద్రవం గాలి తగిలినంత సేపు ద్రవంగానే ఉంటుంది. గాలి అందకుండా ఇనుమో రాగో తగిలితే గట్టిపడుతుంది. అందుకే సీసాలో సగం గాలి వదులుతారు, సీసా కూడా కొంచెం గాలి పీల్చే ప్లాస్టిక్‌తోనే చేస్తారు. ఈ గుణమున్న ద్రవాన్ని అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు ముందే కనిపెట్టారు గానీ, నిల్వ ఉంచాలంటే దానిలోకి నిరంతరం గాలి పంపుతూ ఉండాల్సి వచ్చేది. హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ 1953లో సీసాలో నిలవుండేలా చేశాడు. లాక్‌టైట్ అలా మొదలైంది. 1997 నుంచి అది జర్మనీ హెంకెల్ కంపెనీది. మనవాళ్ళలో చెన్నై అనాబాండ్ వాళ్ళు కూడా ఇలాంటివి చేస్తారు. జెరాక్స్ అన్నట్టు మనం అన్నిటినీ లాక్‌టైట్ అనేస్తాం, ఈ జవాబులో నేనూ అదే చేస్తున్నాను.

దీన్నిబట్టి రెండు జాగ్రత్తలు. సీసా మూతిని బోల్టుకు ఆనించొద్దు, ఇనుప రజను లోపలికి పోతే సీసాలోనే గట్టిపడుతుంది. వేరే డబ్బాలోకి వంచి దాచుకోవద్దు. ఫెవిక్విక్ కూడా ఇలాంటిదే కదా అంటారు, కాదు. అది గాలిలో తేమకు గట్టిపడేది, అదిరే చోట గాజులా పెళుసుగా విరుగుతుంది. టెఫ్లాన్ టేపైతే ఇంకా ఘోరం, మరకు జారుడు పెంచుతుంది.

అసలు బోల్టు ఎందుకు లూజ్ అవుతుంది? బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగుతుంది. ఆ సాగిన లాగుడే రెండు ముక్కల్నీ అదిమి పెడుతుంది. ఆ అదుము సరిపోకపోతే బండి అదిరినప్పుడు రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పక్కకు జారతాయి. జారిన ప్రతిసారీ మరల మధ్య పట్టు క్షణం పాటు పోయి, బోల్టు వెంట్రుకంత వెనక్కి తిరుగుతుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో మెషీన్ పెట్టి దీన్ని చూపించాడు. నిలువునా అదిరే దాని కంటే ఇలా పక్కకు జారే అదురే బోల్టును విప్పుతుందని తేలింది. మనం ప్రతి బోల్టుకూ తొడిగే స్ప్రింగ్ వాషర్ పూర్తిగా బిగించాక చదునై మామూలు వాషరే అవుతుంది. నేను తొడగడం మానేసి చాలా ఏళ్ళయింది. కస్టమర్లు "వాషర్ దొబ్బేశాడు" అనుకుంటారేమోనని డబ్బాలో మాత్రం ఉంచుతాను.

ఇప్పుడు నీ లెగ్ గార్డ్ చూడు. రెండు బ్రాకెట్ల మీదా మందంగా పౌడర్ కోటింగ్ ఉండి ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ కోటింగ్ నలిగి పల్చబడుతుంది. అది పల్చబడినంత మేరా బోల్టు లాగుడు తగ్గుతుంది. ఇక్కడ బోల్టు తిరగనే లేదు, అయినా లూజ్ అయింది. ఇలాంటి చోట ఎర్రది కాదు కదా సిమెంటు పోసినా లాభం లేదు. బోల్టు కూర్చునే చోట వాషర్ మేరకు కోటింగ్ గీకెయ్. గట్టి ఫ్లాట్ వాషర్ వెయ్. నీలం రకం ఒక చుక్క పెట్టి బిగించు. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి చూడు. అప్పుడు లూజ్ కనిపిస్తే ఊరికే పానా పెట్టి తిప్పొద్దు, గట్టిపడ్డ పొర పగిలిపోతుంది. విప్పి, తుడిచి, కొత్త చుక్క వేసి బిగించు.

సైలెన్సర్‌ది వేరే కథ. ఇంజన్ దగ్గర పైపు బిగించే స్టడ్లకు (తల లేని బోల్టులకు) ఏ లాక్‌టైటూ వేయకు. నీలం 243 (సీసా మీద ఉండే రకం నంబరు) తట్టుకునేది 180 డిగ్రీలు. ఎక్కువ వేడికని ప్రత్యేకంగా చేసిన 272 అయినా 230 వరకే. ఎగ్జాస్ట్ పోర్టు దగ్గర వేడి దాన్ని దాటేస్తుంది. మందు కాలి బూడిదైపోతుంది, మిగిలేది తుప్పే. అక్కడ కావాల్సింది కొత్త గాస్కెట్ (పైపు అతుకులో వేసే సీలు), ఇనుముతోనే లాక్ అయ్యే నట్లు. నైలాక్ నట్లు కూడా వద్దు, వాటిలో నైలాన్ కరుగుతుంది. పాత గాస్కెట్ అణిగిపోయి ఉంటే నట్లు ఎన్నిసార్లు బిగించినా వారానికి మళ్ళీ అదే పాట. వెనక సైలెన్సర్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టుకు మాత్రం నీలం వేసుకోవచ్చు, అక్కడ అంత వేడి ఉండదు.

రంగుల సంగతికి వస్తే, ఊదా రంగు తక్కువ పట్టు, నీలం మధ్యరకం, ఎర్రది గట్టిది. ఆకుపచ్చ దగ్గర పప్పులో కాలేస్తారు. 290 ఆకుపచ్చే, అది నీళ్ళలా పల్చగా ఉండి బిగించి ఉన్న స్క్రూ మరలోకి పాకి వెళుతుంది. పట్టు మధ్యరకమే. 270 కూడా ఆకుపచ్చే, కానీ ఎర్రవాటితో సమానంగా పట్టేస్తుంది. బేరింగులు హౌసింగులో నిలబెట్టే 638 కూడా ఆకుపచ్చే. రంగు చూసి కాదు, నంబరు చదివి కొను. కంపెనీ పరీక్షల్లో ఎం10 (పది మిల్లీమీటర్ల) బోల్టు మీద ఊదా 222 పట్టు విడవడానికి 6 న్యూటన్ మీటర్ల దరిదాపు బలం చాలు. 243కి 20 పైచిలుకు కావాలి. 270కి 30 దాటాలి. చిన్న స్క్రూకు ఎర్రది వేస్తే మందు కంటే ముందు స్క్రూయే తెగేది ఇందుకే. ఎం6 లోపు వాటికి ఊదా 222 వాడు. కళ్ళజోడు స్క్రూకు కూడా అదే, ఫ్రేము ప్లాస్టిక్‌కు తగలకుండా సూది మొనతో వేయాలి. నీ బండి మీద పనులకు 243 ఒక్క చిన్న సీసా చాలు, 242 కంటే అదే తీసుకో. కొద్దిపాటి నూనె జిడ్డున్నా పట్టుకుంటుంది, అలాగని గ్రీజు మీద వేయకు.

ఎర్ర సీసాను షాపులో తిరిగి ఇచ్చెయ్. నా షెడ్డులో ఎర్రది వేసేది ఇంజన్ లోపల మళ్ళీ తీయనక్కర్లేని స్టడ్లకు, మాన్యువల్‌లో ప్రత్యేకంగా చెప్పిన చోట్లకు. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, స్పార్క్ ప్లగ్, బ్రేక్ బ్లీడ్ స్క్రూ, యాక్సిల్ నట్టు, వీటికి ఏ రంగూ వద్దు.

ప్లాస్టిక్ దగ్గర నేను దెబ్బ తిన్నాను, అది కూడా విను. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక స్కూటర్ ముందు ప్యానెల్ స్క్రూలు ఊడుతున్నాయంటే నీలం వేసి, పొంగి వచ్చింది వేలితో తుడిచేశాను. మర్నాడు ఆయన బండి తెచ్చి చూపిస్తే ప్రతి స్క్రూ చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు, ఎండిన చెరువులో నెర్రెల్లా. ఏబీఎస్ (బ్రేకుది కాదు, అదే పేరున్న ప్లాస్టిక్), పాలికార్బనేట్ లాంటి ప్లాస్టిక్‌లను ఈ ద్రవం లోపల్నుంచి పగలగొడుతుంది. ప్యానెల్ డబ్బులు నేనే కట్టాను. అప్పటి నుంచీ మీటర్ కేసు, హెడ్‌లైట్ డోము దరిదాపుల్లోకి సీసా తీసుకెళ్ళను. వేలికి అంటించుకోవడమూ మానేశాను, పదేపదే తగిలితే చర్మానికి పడక దురదలు మొదలవుతాయి.

వేసే పద్ధతి పెద్దదేం కాదు. రెండు వైపులా మర తుడిచి ఆరనివ్వు. పెట్రోలుతో కడిగితే జిడ్డు పొర మిగులుతుంది, అసిటోన్ మేలు. నట్టు బోల్టు అయితే నట్టు చివరికి ఎక్కడ కూర్చుంటుందో అక్కడ ఒక చుక్క వెయ్. బోల్టంతా పూయక్కర్లేదు. నీ డిస్క్ హబ్బు రంధ్రాల్లా అడుగు మూసుకుపోయి ఉంటే చుక్క రంధ్రంలోనే వేసి గోడల వెంట పాకనివ్వు. బోల్టుకు పూసి దించితే లోపల ఇరుక్కున్న గాలి మందుని బయటికి నెట్టేస్తుంది. నీకు తెలియకుండా మర ఉత్తిదే మిగులుతుంది.

స్టెయిన్‌లెస్ బోల్టులకు, జింక్ పూత ఉన్నవాటికి మందు ఆలస్యంగా పడుతుంది. మామూలు ఇనుప బోల్టు పావుగంటలో కదలకుండా అయితే వాటికి గంటలు పట్టొచ్చు. దీని కోసం ప్రైమర్ స్ప్రే అమ్ముతారు గానీ ఒక్క బండికి కొనడం దండగ. రాత్రి వేసి పొద్దున బండి తియ్. పూర్తి బలానికి 22 డిగ్రీల దగ్గర 24 గంటల లెక్క. మన బెజవాడ ఎండలకు ఇంకా ముందే అవుతుంది.

సీసా మంచిదో కాదో తెలియకపోతే తుడిచిన మామూలు ఇనుప నట్టూ బోల్టూ తీసుకుని, మధ్య ఒక చుక్క వేసి వేళ్ళతో తిప్పి వదిలెయ్. గంట తర్వాత కూడా వేళ్ళకే తిరిగితే ఆ సీసా చెత్తబుట్టకే.

డిస్క్ బోల్టులు మాత్రం కొత్తవి తీసుకో, పాతవాటి తలలు ఎలాగూ దెబ్బతిని ఉంటాయి. మర మీద ముందే రంగు పట్టీ పూసి వస్తే అదే లాక్ మందు, దాని మీద ఇంకేమీ వేయకు. లేకపోతే మాన్యువల్‌లో చెప్పిన రకం వెయ్. ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్ అంకెకే బిగించు. తడి మర తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి చేతి అంచనాతో బిగిస్తే అల్యూమినియం మర లేచి వచ్చేస్తుంది. రెంచ్ లేకపోతే దగ్గర్లో ఏ షెడ్డుకైనా తీసుకెళ్ళి ఈ ఒక్క పనీ చేయించుకో, బ్రేకు విషయం. బిగించాక ప్రతి బోల్టు తల మీంచి డిస్క్ మీదికి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గియ్. రోజూ బండి తీసేటప్పుడు ఒక్క చూపు చాలు, గీత విరిగి కనిపిస్తే బోల్టు తిరిగినట్టు.

కొత్త బోల్టులకు వెళ్ళేటప్పుడు బాగున్న పాత బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్ళు. పొడవు, తల మందం పక్కపక్కన పెట్టి చూసుకో. తల రెండు మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువైనా కొన్ని బండ్లలో క్యాలిపర్‌కు రాసుకుంటుంది. చక్రం ఎక్కించాక చేత్తో నాలుగు చుట్లు తిప్పి, చప్పుడు లేదని చూసుకునే రోడ్డెక్కు.